సంచిలో పడున్న ప్రశ్నలు



మన పత్రికకి ఒక సంచి ఉంది. రొయ్యల మేత సంచి. మీరు రాసిన ఉత్తరాలు, సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి తెచ్చుకున్న అర్జీల నకళ్ళు, ఫోనులో మీరు చెబితే కుర్రోళ్ళు కాగితం మీద ఎక్కించినవి, అన్నీ అందులోనే వేశాం. "వచ్చే పక్షం చూద్దాం" అనుకుంటూ వేశాం. పక్షాలు గడిచాయి. మూతి కట్టడానికి వీల్లేనంతగా సంచి నిండింది.

అధికారుల బల్లల మీద మన అర్జీలు మురిగిపోతున్నాయని ఇదే పేజీలో ఎన్నిసార్లు రాశాం? మరి మన గదిలో మూలన ఉన్న సంచి సంగతేంటి? మనవాళ్ళు మనల్ని నమ్మి అడిగారు. మనమూ జవాబు చెప్పలేదు. ముందు ఈ తప్పు ఒప్పుకోవాలి. తర్వాతే ఎవరినైనా నిలదీసే హక్కు మనకుంటుంది.

ఈ మధ్య కొన్ని ఆదివారాలు కాట్రేనికోన చుట్టుపక్కల పేటల కుర్రోళ్ళు, ఆడపిల్లలు కమ్యూనిటీ హాలులో చాప పరుచుకుని ఆ సంచి కుమ్మరించారు. డిగ్రీ చదివి ఉద్యోగం లేనివాళ్ళు కొందరు. అమలాపురం కోర్టులో కొత్తగా నల్లకోటు వేసిన ప్లీడరు ఒకరు. ఎవరికీ జీతం లేదు. టీ ఖర్చు కూడా వాళ్ళదే.

వాలంటీరు అంటే మన జిల్లాలో వేరే అర్థం ఉంది. 2019 ఆగస్టు 15న ప్రభుత్వం యాభై ఇళ్ళకొకరిని పెట్టింది. నెలకి ఐదు వేలు గౌరవ వేతనం ఇచ్చింది. పింఛను గుమ్మంలోకి వచ్చింది. మంచిదే. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఆగాక చూస్తే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని అడగాలో ఇంటామెకి తెలియదు. అన్నీ ఆ పిల్లే చూసుకునేది గనక ఈమె నేర్చుకోలేదు. ఎవరిని తప్పుపట్టడానికో ఈ మాట అనడం లేదు. మనం చేసే పనిలో ఆ లోటు రాకూడదని అంటున్నాం.

కుర్రోళ్ళు కాగితాల్ని నాలుగు కుప్పలు చేశారు. ఇప్పుడే జవాబు రాయగలిగినవి ఒక కుప్ప. అడిగినాయన దగ్గరున్న కాగితం చూస్తేనే గాని చెప్పలేనివి రెండో కుప్ప. ప్లీడరుని అడగాల్సినవి మూడోది. నాలుగో కుప్పలో ప్రశ్నలు లేవు, ఏడుపులున్నాయి. వాటికి ఉత్తరం సరిపోదు, ఇంటికెళ్ళి కూర్చోవాలి.

మొదటి కుప్ప చకచకా కరిగింది. ఒకామె అడిగింది: "నాకు రాయడం రాదు. ఇళ్ళస్థలం లిస్టులో నా పేరెందుకు లేదో ఎలా అడగాలండి?" 2005 సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ చూడు అక్కా. రాయడం రానివాళ్ళు నోటితో అడిగితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చెయ్యాల్సింది ఆ ఆఫీసు సమాచార అధికారే. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి అప్పీలు. అక్కడా న్యాయం జరక్కపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషనుకి. కారణం లేకుండా జవాబు ఎగ్గొట్టిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా వెయ్యొచ్చు.

ఇంకొకాయన: "కులం పేరుతో తిట్టి కొట్టారు. టేసన్లో కాగితం తీసుకున్నారు గాని నెంబరు ఇవ్వలేదండి." అన్నా, కాగితం తీసుకోవడం వేరు, ఎఫ్ఐఆర్ కట్టడం వేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే ఆ ఫిర్యాదునే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. అట్రాసిటీ చట్టానికి 2018లో వచ్చిన సవరణ, ఎఫ్ఐఆర్ కట్టే ముందు విచారణ అక్కర్లేదని తేల్చింది. "ఎంక్వయిరీ చేసి చూస్తాం" అంటే ఆ సవరణ పేరు చెప్పు.

రెండో కుప్ప, మూడో కుప్ప కష్టం. డీ-పట్టా భూమి చేతులు మారిపోయింది, తిరిగి వస్తుందా అని అడిగినవాళ్ళున్నారు. 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకూడదంది. 2023లో దానికి సవరణ వచ్చింది. పట్టా ఎప్పటిది, ఎవరి పేరున ఉందో చూడకుండా జవాబు రాస్తే మనమే ముంచినవాళ్ళమవుతాం. అందుకని "పట్టా నకలు తీసుకురండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి" అని కబురు పెట్టాం. చర్చికి వెళ్ళేవాళ్ళు గుసగుసగా అడిగే ప్రశ్న ఒకటుంది, సర్టిఫికెట్ గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుని 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ వర్తింపజేశారు. క్రైస్తవులకి వర్తింపజేయలేదు. చేదుగా ఉన్నా ఉన్నదున్నట్టే చెప్పాం. భయపెట్టలేదు, లేని ధైర్యమూ నూరిపొయ్యలేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. దాచుకోవడం దేనికి? సంచి ఖాళీ చెయ్యాలన్న తొందరలో కుర్రోళ్ళు కొన్ని కాగితాల మీద "మీ సమస్య సంబంధిత అధికారుల దృష్టికి తీసుకువెళతాం" అని రాసి అయిపోయిన కుప్పలో పడేశారు. అక్కడే కూర్చున్న ఒక ముసలమ్మకి తన కాగితం చదివి వినిపించారు. ఆవిడ నవ్వింది. "ఇది ఆఫీసోళ్ళు చెప్పే మాటే గదా బాబూ. ఇది వినడానికే అయితే మీ దాకా ఎందుకొస్తాను?" అంది.

హాలంతా నిశ్శబ్దం. ఆ కాగితాలన్నీ మళ్ళీ బయటికి తీశారు.

ఆవిడ మాట ఈ పత్రికకీ పాఠమే. ఫోనుకి "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజీ వస్తుంది. ఇంటి ముందు మురుగు అలాగే ఉంటుంది. లెక్కలో ఒక అర్జీ తగ్గింది, బతుకులో ఏమీ తగ్గలేదు. కుప్ప తరగడమే పనికి కొలత అయితే మనమూ అలాగే తయారవుతాం. అందుకే ఆ రోజు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి జవాబులో మూడు సంగతులుండాలి: చట్టం ఏమంటోంది, ఎవరిని అడగాలి, వాళ్ళు పలక్కపోతే తర్వాత ఎక్కడికి వెళ్ళాలి. ఒకరు రాసింది ఇంకొకరు చదవాలి. చదువురానివాళ్ళకి వాళ్ళింట్లో చదివి వినిపించాలి. తెలియకపోతే తెలియదని రాయాలి.

ఇలా చెయ్యడం మన గడ్డకి కొత్త కాదు. మన మండలం కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకం రాశారు. ప్లీడరు దగ్గర తాళం వేసున్న చట్టాన్ని తెచ్చి కూలోడి చేతిలో పెట్టారు. 1985లో కారంచేడు హత్యల తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్న మనిషి ఆయన. 2016లో కన్నుమూశారు. ఆయన బొమ్మకి దండ వెయ్యడం సులువు. ఆయన చేసిన పని చెయ్యడానికి మాత్రం ఆదివారాలు కావాలి.

ఇంకో సంగతి. ఉత్తరాలు విడివిడిగా చదివినంతకాలం ఎవరి కష్టం వాళ్ళదే అనిపించింది. ఒక్కచోట పరిస్తే వేరు వేరు ఊళ్ళ నుంచి ఒకే ప్రశ్న కనిపించింది: శ్మశానానికి దారేది? ఒకచోట చెరువు గట్టు అడ్డం, ఒకచోట కొబ్బరితోట కంచె అడ్డం, ఇంకోచోట వర్షాకాలం మోకాలి లోతు నీళ్ళు. శవాన్ని మోసుకెళ్ళేవాడు ఒంటరిగా అర్జీ పెట్టుకుంటే అది ఒక కాగితం. ఊళ్ళన్నీ కలిసి అడిగితే అది ఉద్యమం.

మహద్ గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్ళూ వాడుకోవచ్చని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. చౌదార్ చెరువు అందరిదీ అని 1924లో మహద్ మునిసిపాలిటీ తీర్మానం రాసింది. కాగితం మీద పరిష్కారం అయిపోయింది! దోసెడు నీళ్ళు మాత్రం ఎవరూ తాగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. కాగితమూ కావాలి, కాళ్ళూ కావాలి. కాగితం లేకపోతే కోర్టులో నిలబడలేం. కాళ్ళు కదలకపోతే కాగితం చెదలకే.

ఒక చివరి మాట, బాధగానే చెప్పాలి. సంచి అడుగున ఒక పిల్ల రాసిన ఉత్తరం దొరికింది. స్కాలర్‌షిప్పు గురించి. చెప్పాల్సిన జవాబు నాలుగు లైన్లు. మేం చదివేసరికి గడువు దాటిపోయింది. ఆ తప్పు ఏ ఆఫీసుదీ కాదు, మాది. తరగతిలో చెయ్యెత్తిన పిల్లని రెండుసార్లు చూడనట్టు ఊరుకుంటే మూడోసారి ఆ చెయ్యి లేవదు. మన జాతి చేతుల్ని వేల ఏళ్ళు అలాగే దించేశారు. ఇప్పుడు మన చేతులతో మనమే దించుదామా?

అందుకే ఈ పక్షం నుంచి నియమం. వచ్చిన ప్రశ్నకి తర్వాతి సంచిక లోపల జవాబు వెళ్ళాలి. జవాబు దొరకకపోతే "ఫలానా వారిని అడుగుతున్నాం" అన్న కబురైనా వెళ్ళాలి. ప్రతి పేట నుంచి చదువుకున్న ఒకరు, చదువు లేకపోయినా ఊరి సంగతులు తెలిసిన ఒకరు, ఇద్దరూ కలిసి ఆదివారం రండి. అడిగేవాళ్ళు తేదీ వెయ్యండి, నకలు ఉంచుకోండి, రసీదు అడిగి పుచ్చుకోండి. మీ ప్రశ్నకి జవాబు రాసిన కుర్రోడి పక్కన కూర్చుని ఎలా రాశాడో చూడండి. మళ్ళీసారి మీ పక్కింటామె కాగితం మీరే రాయాలి.

సంచి ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. అయ్యేదాకా మూలన పెట్టం, హాలు మధ్యలోనే ఉంచుతాం. వచ్చినవాళ్ళందరికీ కనబడాలి.

జై భీమ్!