చౌక ధర వెనుక

బంగ్లాదేశ్ నుండి రెడీమేడ్ బట్టలు తెప్పించి అమ్మాలనుకునే కుటుంబాలకు ఈ నెల కొన్ని మాటలు చెప్పగోరుచున్నాము.

మొదట మన ఊరి బజారును ఎరగాలి. ఏ సైజులు, ఏ ధరకు పోతున్నాయో నాలుగు దుకాణాలు తిరిగి వ్రాసికొనండి. తిరుప్పూరు సరుకు మన వాకిటికే వస్తుండగా, దూరపు సరుకులో మిగిలేదెంత? డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబరు కావాలి. 2025 మే నెలలో భారత ప్రభుత్వము ఈ బట్టలను భూమార్గమున రానీయక, నవా షేవా, కోల్‌కతా ఓడరేవులకే పరిమితము చేసింది. కనుక మీరు తెప్పించే నాటి నిబంధనను కస్టమ్స్ ఏజెంటును అడిగి, ఓడ కిరాయిని లెక్కలో వేసుకొనండి.

తరువాత సరఫరాదారుడు. అతడు ఫ్యాక్టరీ యజమానియా, దళారియా? ముందు నమూనా, పిమ్మట చిన్న ఆర్డరు. సొమ్మంతా ముందే పంపరాదు.

మరొకటి మరువరాదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా చెంత సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించారు. గోడల బీటలు ముందురోజే కనబడ్డాయి. క్రింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. కుట్టుపనివారిని మాత్రము మరునాడు పనిలోనికి పంపారు. ఆ పిమ్మట అనేక ఫ్యాక్టరీల తనిఖీ నివేదికలు బహిరంగమైనవి. మీ ఫ్యాక్టరీ పేరు వాటిలో వెదకండి. బట్టలు అక్కడే కుడతారా, వేరొకరికి ఇస్తారా అని అడగండి.

అందరికంటె తక్కువ ధర చెప్పినవానిని, “ఎలా ఇవ్వగలుగుతున్నావు?” అని అడగండి. సరైన జవాబు రానిచోట పిల్లల చదువు కోసం దాచిన సొమ్ము పెట్టవద్దు.