రెండు గజాల మర్యాద

ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గరకు వెళ్ళి చూడండి. ఇరానీ హోటళ్ళలో మొదటి చాయ్ దిగకముందే అక్కడొక దండు దిగుతుంది. వీపున సంచీ, నడుముకి సంచీ, మెడలో మోచెయ్యంత లెన్సు. ఎదురుగా దుకాణం మెట్టు మీద ఒక ముసలాయన తన మానాన తాను బీడీ వెలిగించుకోబోతుంటాడు. రోడ్డుకి ఈ పక్కనుంచి మన వీరుడు మోకాలి మీద వంగి, గొట్టం సారించి, టకటకమని ఇరవై బొమ్మలు లాగేస్తాడు. ఆయన బీడీ అంటుకుందో లేదో గాని, సాయంత్రానికల్లా ఆయన ముడతలు మాత్రం ఊరంతా అంటుకుంటాయి. కింద 'జీవన సమరం' అని ఒక శీర్షిక. ఆయన సమరమేమిటో, అసలు చేస్తున్నాడో లేదో ఎవరూ అడగలేదు. నలుగురు కొడుకుల్నీ ప్రయోజకుల్ని చేసి, హాయిగా పొద్దుటి ఎండ కాచుకోవటానికి వచ్చిన మనిషేమో!

దీనికి వీధి ఫోటోగ్రఫీ అని పేరు పెట్టుకున్నారు. నేనొప్పుకోను. వీధిలో దిగనివాడిది వీధి ఫోటోగ్రఫీ ఎలా అవుతుందండీ? గోడెక్కి పక్కింటి పెరట్లోకి తొంగిచూసేవాడు ఆ ఇంటికి చుట్టమైపోతాడా?

నా వాదం చిన్నది. వీధిలో మనిషి బొమ్మ తీయదలిస్తే ఆ మనిషి మనల్ని చూడగలిగినంత, చూసి నాలుగు తిట్లు తిట్టగలిగినంత దూరంలో నిలబడి తీయాలి. ఈ మర్యాదని బలవంతాన నేర్పే పనిముట్టు ఒకటుంది. అది జేబులో పట్టే పాత ఫిలిం కెమేరా. పొడుగూ పొట్టీ కాని ఒకే ఒక్క లెన్సు, ముప్పయ్యారు బొమ్మల రీలు, అంతే. 1990ల్లో ముక్కు సాగదీసుకుంటూ వచ్చిన జూమ్ డబ్బాలు నా లెక్కలోకి రావు.

నా జేబులో వుండేది ఒలింపస్ ఎక్స్ఏ-2. 1980లో వచ్చింది. యోషిహిసా మైతానీ అనే జపాను ఇంజనీరు 1979లో చేసిన ఎక్స్ఏకి తమ్ముడు. బరువు సుమారు 200 గ్రాములు, అంటే నాలుగు వంకాయలెత్తు. మూత పక్కకి జరిపితే లెన్సు కళ్ళు తెరుస్తుంది. వెలుగు లెక్క అదే చూసుకుంటుంది. దూరానికి మూడే మూడు గుర్తులు: దగ్గరి మనిషి, కాస్త ఎడంగా నిలబడ్డ మనుషులు, దూరపు కొండలు. మూత మూసినప్పుడల్లా మీట తనంతట తాను మధ్య గుర్తుకి వచ్చి నిలుస్తుంది. మధ్య గుర్తంటే ఏమిటి? మనుషులు నిలబడి మాట్లాడుకునే దూరం. ఆ మైతానీగారికి నేను మనసులో ఎన్ని దండాలు పెట్టానో!

ఇందులో కొంచెం లెక్కలున్నాయి, భయపడకండి. 35 మిల్లీమీటర్ల లెన్సుతో రెండు మీటర్ల ఎడంలో కెమేరా నిలువుగా పడితే, నిలుచున్న మనిషి తలనుంచి పాదాల దాకా సరిగ్గా ఇముడుతాడు. అదే మనిషిని అదే కొలతలో 200 మిల్లీమీటర్ల గొట్టంతో తీయాలంటే పదకొండు మీటర్ల పైచిలుకు వెనక్కి జరగాలి. పదకొండు మీటర్లంటే లాడ్ బజార్‌లో ఏమిటో తెలుసా? మీకూ ఆ మనిషికీ మధ్య రెండు ఆటోలు, ఒక తోపుడు బండి, గాజులు బేరం చేసే ఒక కుటుంబం. అక్కణ్ణుంచి ఆయన మొహం కనబడుతుంది గాని, మీ మొహం ఆయనకి కనబడదు. ఏకపక్షంగా సాగే చూపుకి మన భాషలో మంచి పేరేమీ లేదు.

ఇంకొక సంగతి. ఫోటో చూసేవాడు కూడా తీసినవాడు నిలుచున్న చోటనే నిలుచుంటాడు. దూరం నుంచి లాగిన బొమ్మలో మనిషి వెనకనున్న గోడా, గోడ వెనకనున్న మినారూ అన్నీ ఒకదానిమీదొకటి అట్టముక్కల్లా అతుక్కుంటాయి. మనిషి ఆ గోడకి అంటించిన పోస్టరవుతాడు. రెండు గజాల నుంచి తీస్తే ఆయన ముందున్న తక్కెడ, తక్కెడ మీది చెయ్యి, వెనక నడిచిపోయే జనం అన్నీ ఎవరి చోట వారుంటారు. చూసేవాడికి 'నేనూ ఆ బజారులో వున్నాను' అనిపిస్తుంది. దగ్గరతనం మర్యాదే కాదు, మంచి బొమ్మకి దారి కూడా.

ఇక్కడ జూమ్ వీరులు ఒక బ్రహ్మాస్త్రం తీస్తారు. "మమ్మల్ని చూస్తే సహజత్వం పోతుందండీ!" అని. ఏం సహజత్వం నాయనా? నిన్ను చూసి నవ్వటం సహజం కాదా? చిరాకుపడటం సహజం కాదా? చేటలోని చింతకాయలు సర్దుకుంటూ "ఏం పనిలేదా నీకు?" అనటం కంటే సహజమైంది లోకంలో ఏముంది? చూడనప్పటి మొహమే నిజమనీ, చూసినప్పటి మొహం అబద్ధమనీ ఎవరు చెప్పారు? అసలు పది నిముషాలు ఒకచోట నిలబడితే బజారు మనల్ని మరిచిపోతుంది. దానికి మనకంటే ముఖ్యమైన పనులు చాలా వున్నాయి.

రెండో అస్త్రం పెద్దల పేర్లు. కార్టియే బ్రెస్సాఁ తన లైకా కెమేరాకి నల్లపట్టీ అంటించి మెరుపు కనబడకుండా చేసేవాడు కాదా? అవును. 1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో 'నిర్ణాయక క్షణం' అనే అర్థం వచ్చే గంభీరమైన పేరు పెట్టారు గాని, ఫ్రెంచి పేరులో వున్నది వేరు. మునిసిపాలిటీ మనిషి కనబడగానే మూటగట్టి పరుగెత్తే ఫుట్‌పాత్ బేరగాడి పద్ధతి అది. అయితే ఆ బేరగాడు ఎక్కడుంటాడు? ఫుట్‌పాత్ మీదే, జనంలోనే! బ్రెస్సాఁ ఎక్కువగా వాడింది 50 మిల్లీమీటర్ల లెన్సు. దాంతో నాలుగడుగులు ముందుకు నడవక తప్పదు.

వాకర్ ఎవాన్స్ మాటేమిటంటారు. నిజమే, 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కోటు గుండీల సందునుంచి లెన్సు బయటపెట్టి ఎదుటి సీటువాళ్ళని తీశాడు. నాకది నచ్చదు. కాని ఆయన వాటిని పుస్తకంగా వెయ్యటానికి 1966 దాకా ఆగాడు. మన వీరులు 1966 సెకన్లు కూడా ఆగరు.

చట్టం మాటకొద్దాం. న్యూయార్కులోనే టైమ్స్ స్క్వేరులో 1999-2001 మధ్య ఫిలిప్ లోర్కా డికోర్సియా దారిన పోయేవాళ్ళని దూరపు లెన్సుతో, పైన బిగించిన ఫ్లాషుతో వాళ్ళకి తెలియకుండా తీశాడు. ప్రతులు వేల డాలర్లకి పోయాయి. అందులో వున్న ఒక పెద్దాయన, మా మతంలో ఇది తగదు, నన్నడగలేదు అని కోర్టుకెక్కాడు. 2006లో కోర్టు, ఇది కళ పొమ్మంది. చట్టం తప్పని నేననను. వీధిలో ఫోటోకి ప్రతిసారీ సంతకం పెట్టించుకోవాలంటే వీధుల చరిత్రే మిగలదు. కాని చట్టం వదిలిపెట్టినంత మాత్రాన సంస్కారం వదిలిపెట్టాలా? మన సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులతో గోప్యతని ప్రాథమిక హక్కుగా తేల్చింది. బజారులో వున్నంతమాత్రాన మనిషి ఆ హక్కుని పూర్తిగా వదులుకున్నట్టు కాదని ప్రధాన తీర్పులో రాశారు. బజారుకి వచ్చినామె కూరగాయలకి వచ్చింది గాని మన ప్రదర్శనకి రాలేదు.

ఈ ఊరికి ఈ పాఠం కొత్త కూడా కాదు. ఆరో నిజాముగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు. అక్కడ బొమ్మ తీసేది కూడా స్త్రీయే. రాజుల కెమేరాకి వున్నపాటి ఇంగితం ఆదివారం దండుకి లేకపోతే ఎలా?

"మరి సెల్‌ఫోను కూడా దగ్గరనుంచే తీస్తుందిగా, ఆ ఫిలిం ముచ్చటెందుకు? రీలూ, కడగటం, స్కానింగూ కలిపి వెయ్యి దాటుతోంది" అంటారు. న్యాయమైన ప్రశ్న. ఫిలిమ్‌కి పుణ్యముందని నేననటం లేదు. మెడలో పాత కెమేరా నగలాగా వేసుకుని, ఒక్క మనిషితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చేవాళ్ళని చూస్తున్నాను. వాళ్ళదీ, గొట్టం వాళ్ళదీ ఒకే కులం. ఫిలిం నాకిచ్చేది గడువు. ఫోనులో తీసిన బొమ్మ ఆ మనిషి చాయ్ తాగటం పూర్తికాకముందే వెయ్యిమంది చేతుల్లో పడుతుంది. నోరు తెరిచి ఆవలించిన క్షణం ఒక జీవితకాలపు వేళాకోళమవుతుంది. నా రీలు నిండటానికి రెండు వారాలు, కడిగి రావటానికి మరో వారం. ఈలోపల తొందర చల్లారుతుంది, బుద్ధి మేలుకుంటుంది. ఇది బయటికి పోవాల్సిన బొమ్మా కాదా అని ఆలోచించటానికి వ్యవధి దొరుకుతుంది. ముప్పయ్యారే వున్నప్పుడు ఒకరి ఆవలింత మీద ఎవడూ ఖర్చు పెట్టడు. ఇదంతా ముసలివాడి చాదస్తమనుకుంటే, 2024లో పెంటాక్స్ వాళ్ళు కొత్తగా ఫిలిం కెమేరా ఒకటి తెచ్చారు. అందులోనూ దూరాన్ని కంటితో అంచనా కట్టి బొమ్మగుర్తు తిప్పుకోవటమే!

ఇక చివరి మర్యాద, ప్రింటు. సికిందరాబాదు మోండా మార్కెట్లో ఒక కూరగాయలామె నన్ను నిలబెట్టి అడిగింది. "ఏం సారూ, మొన్న తీస్కపోయినవ్ గద, నా ఫోటో ఏది?" సంచీలోంచి తీసి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, "తక్కెడ మంచిగ వచ్చింది, నేనే నల్లగొచ్చిన" అని గల్లాపెట్టెలో నోట్ల కింద పెట్టుకుంది. విమర్శకులు ఎంతమంది చెప్పినా అంతకంటే సూటిగా చెప్పలేరు. రోడ్డవతలనుంచి గొట్టం సారించినవాణ్ణి ఆమె 'నా ఫోటో ఏది' అని ఎలా అడుగుతుంది? తన బొమ్మ ఒకటి పోయిందనే సంగతే ఆమెకి తెలియదుగా! ఆ ప్రశ్న అడిగే అవకాశం ఆమెకి వుండటమే నేను చెప్పే మర్యాదంతా.

చెట్టు చాటునుంచి బాణం వేసినందుకు సాక్షాత్తూ రాముడంతటివాడే వాలికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ జవాబు సరిపోయిందా లేదా అని మనవాళ్ళు ఇప్పటికీ తర్కిస్తూనే వున్నారు. అవతారపురుషుడికే తప్పనిది, అద్దెకి లెన్సు తెచ్చుకున్న మనకి తప్పుతుందా?

ఇది చదివి ఎవరికైనా కోపం వస్తే సంతోషమే. దగ్గరకొచ్చి తిట్టండి, వింటాను. రెండు గజాల దూరం నుంచి.