బిందెలోని ఉంగరము

మంగళసూత్రధారణము, తలంబ్రాలు ముగిసిన పిమ్మట పురోహితుడు కొంత విశ్రమించును, ముత్తైదువలు ముందుకు వత్తురు. ఇరుకు మూతి గల బిందెను నీటితో నింపి, అందులో ఉంగరమును జారవిడిచి, వధూవరులిద్దరినీ ఒకేసారి చేయి పెట్టి వెదకుమందురు. మూతి ఇరుకగుటయే ఆ క్రీడలోని కీలకము. ఒకదానినొకటి తాకక రెండు చేతులు లోనికి పోవు. మూడు మార్లు వేసి, ఎవరికి ఎన్నిసార్లు దొరికినదో లెక్కింతురు. "ఇక ఇంట పెత్తనము అమ్మాయిదే" అని ఒకరు, "మా వాడు కావలెననియే వదలినాడు" అని వేరొకరు!

శాస్త్రమందు లేని ఇట్టి వేడుకలు అనవసరమని కొందరు పండితమ్మన్యులు అందురు. అది శాస్త్రమును సగము చదివిన వాదము. వివాహమందలి ఆచారములను స్త్రీల వలన తెలిసికొనవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రమే విధించినది. దేశధర్మములు, గ్రామధర్మములు బహువిధములనియు, వివాహమందు వానిని అనుసరింపవలెననియు ఆశ్వలాయనుడు చెప్పినాడు. మంత్రము పురోహితునిదైనచో ఆచారము ఇంటి అవ్వది. ఆమె మాటకు సూత్రకారుడే ప్రమాణపత్రము వ్రాసి ఇచ్చినాడు.

అయితే గృహ్యసూత్రములందు వేరొక పరీక్షయు కలదు. అది వినోదము కాదు. కన్యను వరించుటకు ముందు కలగలిపిన విత్తనములు, యజ్ఞవేదిక మట్టి, పొలములోని మట్టిగడ్డ, గోమయము, శ్మశానమందలి మట్టిగడ్డ మరుగుపరచి ఆమె ముందుంచి, ఒకదానిని తాకుమని ఆపస్తంబుడు చెప్పించును. తాకినదానిని బట్టి శుభాశుభ నిర్ణయము. చివరిది తాకినచో ఆ కన్య నింద్య. ఇచట పరీక్ష కన్యకే గాని వరునికి లేదు. ఓడిన యెడల నవ్వి లేచుటకు అవకాశమును లేదు. కాని అదే ఖండమందు అదే సూత్రకారుడు మరియొక మతమును చేర్చినాడు: ఎవరియందు మనస్సు, చూపు నిలుచునో ఆమెతోనే సమృద్ధి, ఇతరములను పట్టించుకొనవలదని కొందరి అభిప్రాయమట. మట్టిగడ్డల పరీక్షను తెలుగు పెండ్లిండ్లు ఏనాడో విడిచినవి. ఈ రెండవ మతము మాత్రము బిందె రూపమున నిలిచినదని చెప్పిన తప్పు కాదు. బిందె ముందు ఇద్దరూ పరీక్షితులే. ఓటమికి అపశకునము లేదు.

బాల్యవివాహముల కాలమందు ఈ క్రీడలకు వేరొక ప్రయోజనము ఉండెడిది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు పసివారికి పూలబంతులాటయే తొలి పరిచయము. గడపకు అడ్డముగా ఆడపడుచు నిలిచి, పేర్లు చెప్పినగాని లోనికి విడువననుట కూడ అట్టిదే. భర్త పేరు పలుకుట నిషిద్ధమని భావించిన సమాజమే ఆ ఒక్క క్షణమున నూతనవధువు చేత పలికించినది. నేటి వధూవరులు పెండ్లికి ముందే నెలల తరబడి మాటలాడుకొనిన వారు, వారికి పరిచయము అక్కరలేదు. ఓటమి రుచి మాత్రము అక్కరకు వచ్చును. ఎల్లోరా శిల్పములందు పార్వతీపరమేశ్వరులు పాచికలాడుచున్నారు. పురాణములందు ఆ ఆటలో ఓడువాడు జగత్పతియే!

ఇక అలకపాన్పు మాట. అలిగిన అల్లుని కానుకలతో బుజ్జగించుట ఒకనాటి సరసము కావచ్చును. నేడు అనేక గృహములందు అది ముందే ధర నిర్ణయించుకొనిన బేరము. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ఉండగా, కట్నమను పేరు మార్చి పాన్పుపై కూర్చుండబెట్టినంత మాత్రమున అది ఆచారము కానేరదు. అచట పరీక్షింపబడునది దాంపత్యము కాదు, వధువు తండ్రి ఋణశక్తి. బిందెను, బంతులను ఉంచవలెను. ఈ పాన్పును తీసివేయవలెను.

బిందె వద్ద గూడ కొంత జాగ్రత్త అవసరము. రెండు పక్షములవారు కేకలు వేయుచు పందెము కట్టిన చోట, గెలిచిన పిల్లకు ఆ గెలుపును అత్తవారింట ఏండ్ల తరబడి ఎత్తిపొడుపుగా వినిపించువారు ఉందురు. ఇచటనే పెద్ద ముత్తైదువ నేర్పు తెలియవలెను. మూడవ మారు ఆమె ఉంగరమును వేసినట్లు నటించి పిడికిటనే దాచుకొన్నచో, రెండు చేతులు నీటి అడుగున చాలసేపు వెదకును. ఎవరికీ ఏమియు దొరకదు. పిమ్మట ఆమె పిడికిలి విప్పినప్పుడు మొదట నవ్వువారు ఆ ఇద్దరే.