ఆడపిల్లకు ఎన్నేళ్ల గడువు?

పోయిన నెలలో ఒక సాయంత్రం మా చెల్లెలు ఇంటికొచ్చింది. తాడిపత్రికి దగ్గర్లోనే వాళ్ల పల్లె. సంచిలోంచి ఒక ఫొటో, ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. కాగితంలో పెళ్లికొడుకు వివరాలు. వాళ్ల పాప బి.ఎస్సీ. కంప్యూటర్స్ పూర్తి చేసి ఏడాదవుతోంది.

"ఏడాది చూసినామక్కా, ఉద్యోగం రాలేదు. పాపను ఇంట్లో ఏంటికి పెట్టుకున్యారని ఊర్లో అందరూ అడుగుతాండారు. ఈ సంబంధం మంచిదే అంటాండారు. నువ్వేమంటావు?" అని అడిగింది.

"చేసెయ్" అనే మాట నా నోటిదాకా వచ్చింది. బాల్య వివాహాలు ఆపడానికి పల్లెపల్లెకూ తిరిగినదాన్ని, ఇరవై ఏళ్లుగా మహిళా సంఘంలో పని చేస్తున్నదాన్ని. నా నోటికి ఆ మాట ఎందుకొచ్చింది? నా కూతురి విషయంలో నేను ఆ మాట అనే ఉన్నాను కాబట్టి. ఆ సంగతి మన పత్రికలో రాయడం అవసరమనిపించింది.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. తల్లిదండ్రుల భయం ఉత్త భయం కాదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన అయిదున్నర వందల మిల్లీమీటర్లు. వేరుశెనగ వేసి అప్పులపాలైన కుటుంబాలు, బెంగుళూరుకు, కేరళకు వలసపోయిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వానతో పని లేకుండా చేతికొచ్చే పంట చదువొక్కటే అని మన తల్లులు నమ్మారు. బండల పాలిష్ యూనిట్లలో నీళ్లలో, దుమ్ములో నిలబడి పని చేసే ఆడవాళ్లు "నా బిడ్డకీ పని వద్దు" అనే ఒక్క పట్టుదలతో కూతుళ్లను కాలేజీకి పంపారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంతకుముందు ఇంటర్‌తో ఆగిపోయే పిల్లలు కూడా డిగ్రీ దాకా వెళ్లారు.

డిగ్రీ వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఇది మన ఒక్క ఊరి కథ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగులు 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో 3.4 శాతమే. చదువు లేనివాళ్లకు మంచి పనులు దొరుకుతున్నాయని దీని అర్థం కాదు. వాళ్లు పని లేకుండా ఒక్క వారం కూడా కూర్చోలేరు. ఏ పని దొరికితే ఆ పనికి పోవాల్సిందే. తగిన ఉద్యోగం దొరికేదాకా ఎదురు చూడాలంటే ఇంట్లో ఎవరో ఒకరు అన్నం పెట్టాలి.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. కుటుంబం ఎవరి ఎదురుచూపుకు అన్నం పెడుతుంది? ఎన్నేళ్లు పెడుతుంది?

మా అబ్బాయి 2015లో బి.టెక్. పూర్తి చేశాడు. మూడేళ్లు హైదరాబాదు హాస్టల్లో ఉండి ఒక కోర్సు తర్వాత ఒక కోర్సు నేర్చుకున్నాడు. నెలనెలా డబ్బు పంపాము. రెండుసార్లు నా గాజులు కుదువ పెట్టాము. ఎవరైనా అడిగితే "ప్రిపేర్ అవుతున్నాడు" అని చెప్పాము. నాలుగో ఏట ఒక చిన్న ఉద్యోగం దొరికింది. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరమూ వాడి ఎదురుచూపును తప్పు పట్టలేదు.

మా పాప 2019లో బి.ఇడి. పూర్తి చేసింది. టీచరు కావాలన్నది చిన్నప్పటి కోరిక. అంతకు ముందు ఏడాదే డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చి పోయింది. మళ్లీ వస్తుంది కదా అని చదువుకుంటూ, ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో చేరింది. నెలకు ఆరు వేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బడివాళ్ల బీరువాలో పెట్టుకున్నారు. ఎండాకాలం సెలవులకు జీతం లేదు. 2020లో కరోనాకు బడి మూతపడ్డాక ఆ ఆరు వేలూ ఆగిపోయాయి. ఆ పిల్ల పగలు ఇంటి పని చేసి రాత్రి చదువుకునేది. ఎవరైనా అడిగితే మేము చెప్పింది మాత్రం "ఇంట్లోనే ఉంది" అని. 2021లో పెళ్లి చేశాము.

ఆ తర్వాత డీఎస్సీ ఏమయిందో మీకందరికీ తెలుసు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, పరీక్ష జరగలేదు. ప్రభుత్వం మారాక 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వచ్చింది. జూన్, జూలై నెలల్లో పరీక్షలు జరిగాయి. అంటే 2018 నోటిఫికేషన్‌కూ జరిగిన తర్వాతి పరీక్షకూ మధ్య ఏడేళ్లు గడిచాయి. ఆ ఏడేళ్లలో బి.ఇడి. పూర్తి చేసిన మన ఆడపిల్లల్లో ఎందరు పుస్తకాలు పక్కన పెట్టి అత్తగారింటికి వెళ్లి ఉంటారు? వాళ్ల లెక్క ఏ నిరుద్యోగ పట్టికలోనూ ఉండదు. పెళ్లయిన ఆడదాన్ని నిరుద్యోగి అని ఎవరూ పిలవరు గదా! ఆమె గృహిణి అయిపోతుంది.

మా పాప మూడేళ్ల బిడ్డను చంకనేసుకుని ఆ పరీక్ష రాసింది. రాలేదు. నన్ను ఏమీ అనలేదు. "అన్నకు ఇచ్చినట్టు నాకూ మూడేళ్లు ఇచ్చుంటే బాగుండేదమ్మా" అని మాత్రం అంది. మూడేళ్లు ఇచ్చినా ఆ లోపల డీఎస్సీ వచ్చేది కాదు, నిజమే. కానీ ఇంకో పరీక్ష రాసేది, ఒక కోర్సు నేర్చుకునేది, బెంగుళూరుకు వెళ్లి చూసేది. మా అబ్బాయికి వచ్చింది కూడా వాడు మొదట కోరుకున్న ఉద్యోగం కాదు. మూడేళ్లు వెతికితే దారిలో దొరికింది. ఆ వెతుక్కునే అవకాశమే మేము కూతురికి ఇవ్వలేదు.

డీఎస్సీకి ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ వయసు 44 ఏళ్లు. 1996 నుంచి ప్రత్యక్ష నియామకాల్లో మూడోవంతు ఉద్యోగాలు స్త్రీలకు కేటాయించే నిబంధన ఉంది. కాగితం మీద ఇన్ని హక్కులున్నా ఇంటి గడప లోపల ఆడపిల్ల గడువు ఒక్క ఏడాది. రిజర్వేషన్ కోసం మనం పోరాడాము. ఆ రిజర్వేషన్ అందేదాకా పిల్ల ఆగగలిగే హక్కు కోసం మనం ఏమీ చేయలేదు.

ఆడపిల్లలకే ఉద్యోగం చేసే ఉద్దేశం లేదని కొందరంటారు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులు ప్రకటించినప్పుడు ఏం జరిగింది? ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తండ్రులే బైకు మీద కూర్చోబెట్టుకుని కూతుళ్లను పరీక్షా కేంద్రాలకు తీసుకుపోయారు. మొదట పదిహేను వేల జీతమే. అయినా ఎవరూ వద్దనలేదు. మా పాప కూడా రాసింది గానీ రాలేదు. దగ్గరలో, భద్రంగా, నెలనెలా జీతం వచ్చే పని ఉంటే తల్లిదండ్రులే ముందుకు తోస్తారని ఆ ఏడాది చూశాము. అంటే భయమంతా దూరం గురించి, భద్రత గురించి, డబ్బు గురించి. వీటికి మార్గాలు వెతకవచ్చు. పెళ్లి మాత్రం వీటిలో దేనికీ మార్గం కాదు. కట్నానికి చేసే అప్పులో కొంత భాగంతో బెంగుళూరులో ఒక ఏడాది హాస్టలు ఖర్చు గడుస్తుంది. కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ 1961 చట్టం ప్రకారం నేరం. కూతురి హాస్టలుకు డబ్బు కట్టడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు!

అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుల ప్రకటనలు చూడండి. అభ్యర్థి స్థానికురాలై ఉండాలి, వివాహితురాలై ఉండాలి. పెళ్లి కాకపోతే ఊళ్లో ఉన్న ఆ ఒక్క కొలువుకు కూడా పనికిరాదన్న మాట. తల్లిదండ్రులు పెళ్లికి తొందరపడుతున్నారని విమర్శిస్తాం. పెళ్లినే అర్హతగా పెట్టిన ప్రభుత్వాన్ని ఎప్పుడైనా గట్టిగా నిలదీశామా?

మన ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, బండల పాలిష్ యూనిట్లున్నాయి. బండలు మోసే చోట ఆడవాళ్లు కనిపిస్తారు. ఆఫీసుల్లో, ల్యాబుల్లో, కంప్యూటర్ల ముందు స్థానిక ఆడపిల్లలు ఎందరున్నారని మన సంఘాలు వెళ్లి అడిగింది లేదు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఉందో లేదో మనం కనుక్కుని తల్లిదండ్రులకు చెప్పగలిగితే, "పంపండమ్మా" అనే మన మాటకు బలం వస్తుంది. ఊరికే ధైర్యం చెబితే ఎవరు నమ్ముతారు?

అందుకే నా సూచనలు ఇవి. పొదుపు సంఘాల సమావేశాల్లో ప్రతి తల్లీ కొడుక్కు ఎన్నేళ్లు ఇచ్చింది, కూతురికి ఎన్నేళ్లు ఇచ్చింది పదిమంది ముందు చెప్పాలి. నేను మొదట చెబుతాను. ఉపాధ్యాయ నియామకాలు ఏటా జరగాలని అడగాలి. అంగన్‌వాడీ పోస్టులకు పెళ్లి నిబంధన ఎత్తేయమని అడగాలి. ప్రైవేటు బడుల్లో సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోవడం, సెలవు జీతం ఎగ్గొట్టడం సంఘం ముందుకు తేవాలి. తాడిపత్రి లాంటి ఊళ్ల నుంచి వెళ్లే పిల్లలకు పెద్ద పట్టణాల్లో ప్రభుత్వమే తక్కువ ఖర్చుతో హాస్టళ్లు నడపాలి.

ఆ సాయంత్రం మా చెల్లెలితో ఇదంతా చెప్పలేదు. "కొడుకైతే ఎన్నేళ్లు చూసేదానివి?" అని మాత్రమే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "వాడైతే వేరే గదక్కా" అంది చివరికి. "ఎట్లా వేరే?" అన్నాను. జవాబు చెప్పకుండా ఫొటో సంచిలో పెట్టుకుని ఆఖరి బస్సుకు వెళ్లిపోయింది.

సంబంధం వాళ్లకు ఇంకా ఏ మాటా చెప్పలేదట. పాప మాత్రం నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఇంకో రెండేళ్లు ఇయ్యమని అమ్మకు నువ్వు చెప్పు" అంది. చెబుతాను. నా కూతురికి చెప్పలేకపోయిన మాట ఈ పిల్ల కోసమైనా చెప్పాలి. మీ ఇళ్లలో, మీ సంఘాల్లో ఈ గడువు ఎవరికి ఎంత ఉందో మీరూ రాయండి.