హాజరు పలకని ఎలుక

మా వీధి చివర తెలుగు మాస్టారొకరు వున్నారు. బడి నుంచి రిటైరై పాతికేళ్ళు దాటింది. మొన్న ఆదివారం నేను కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చున్నానో లేదో, చేతికర్ర తాటించుకుంటూ వచ్చారు.

"ఏమోయ్, మా యింట్లో ఎలుక చచ్చింది," అన్నారు.

"బోనులో పడిందా మాస్టారూ?"

"నీ మొహం! కంప్యూటరుది."

సంగతేమిటంటే, మాస్టారింట్లో 1999లో కొన్న కంప్యూటరొకటి వుంది. విండోస్ 98తో నడుస్తుంది. కొన్నది కొడుకు, వాడింది మాత్రం మాస్టారి భార్య. పెళ్ళిపాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు, అమ్మమ్మ నోటా అత్తగారి నోటా విన్నవన్నీ మధ్యాహ్నం పూట కూర్చుని, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ కొట్టి దాచారావిడ. ఆవిడ పోయి నాలుగేళ్ళు. వచ్చే నెల మనమరాలి పెళ్ళి. "నాయనమ్మ పాటలు కావాలి తాతయ్యా!" అని ఆ పిల్ల ఫోను చేసింది. తీరా మాస్టారు యంత్రం తెరిస్తే, తెర మీది బాణం వున్నచోటి నుంచి కదలదు!

కొట్టుకెళ్ళి కొత్త మౌసు తెచ్చారు. దాని ప్లగ్గు బల్లపరుపు. యంత్రం వెనక వున్నదేమో గుండ్రటి రంధ్రం. కొట్టువాడు ఆకుపచ్చ ప్లగ్గొకటి తగిలించి, "యిక పోండి, పనిచేస్తుంది," అన్నాడట. పనిచెయ్యలేదు. మరమ్మతు కుర్రాడు వచ్చి చూసి, "ముసలిదైపోయింది తాతగారూ, తూకానికి వేసెయ్యండి," అని వెళ్ళాడు. ఆ మాట మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకోదూ మరి?

పాఠకులలో కొందరి యిళ్ళలో యిలాంటి పాతయంత్రాలు అటకల మీద వుండే వుంటాయి. అందుకని ఆ రోజు జరిగింది వివరంగా చెబుతాను.

ముందుగా ఎలుక పుట్టుక. దీన్ని 1964లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహ ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారుచేశాడు. చిన్న చెక్కపెట్టె, అడుగున రెండు చక్రాలు, తోకలాంటి తీగ. ఆ తోక వల్లే ఎలుక అని పేరు నిలిచిపోయింది. తర్వాత తోక కొస మారుతూ వచ్చింది. ఒకప్పుడు తొమ్మిది పిన్నుల సీరియల్ ప్లగ్గు. 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చిన, ఆరు పిన్నుల గుండ్రటి పీఎస్ 2 ప్లగ్గు. 1996 తర్వాత యూఎస్‌బీ. కొస మారడమే కాదు, మాట్లాడే భాష కూడా మారింది. తగువంతా అక్కడే.

"చూడండి మాస్టారూ," అన్నాను. "ఈ ఆకుపచ్చ ప్లగ్గుకు బుర్ర లేదు. లోపల వున్నవి నాలుగు తీగలే. కోటు తొడుక్కున్నంత మాత్రాన ఇంగ్లీషు వస్తుందా? రెండు భాషలూ వచ్చిన ఎలుక అయితేనే దీనితో పనిచేస్తుంది. ఈ రోజుల్లో అమ్మేవాటిలో చాలావాటికి యూఎస్‌బీ భాష ఒక్కటే వచ్చు."

"అయితే నేరుగా పెట్టరాదూ? వెనక బల్లపరుపు రంధ్రాలు కూడా రెండున్నాయి."

పెట్టి చూశాం. కొత్త సరుకు వచ్చిందని యంత్రం గుర్తుపట్టింది గాని, విండోస్ సీడీ పెట్టమన్నది. అప్పటి సీడీ యిప్పుడెక్కడ? యింటిల్లిపాదీ వెతికినా దొరకలేదు.

పాత ఎలుకను చూద్దామంటే దాని తీగ కుర్చీకాలు కింద పడి నలిగిపోయింది. పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి గుండ్రటి ప్లగ్గుదే యింకొకటి తెచ్చాను. నేను చెప్పులు విప్పేలోగా మాస్టారు దాన్ని లాక్కుని రంధ్రంలో దోపేశారు. బాణం కదలలేదు.

"యిదీ చచ్చిందేనా?" అన్నారు నీరసంగా.

"కాదండీ. మీరు బడిలో హాజరు ఎప్పుడు వేసేవారు?"

"పొద్దున్న, గంట కొట్టగానే."

"ఆలస్యంగా వచ్చినవాడు?"

"ఆ పూటకు రానట్టే."

"యిదీ అంతే. పాతయంత్రం లేస్తూనే ఒక్కసారి, పీఎస్ 2 రంధ్రంలో ఎవరున్నారని అడుగుతుంది. అప్పుడు పలికినవాడే వున్నట్టు. ఆ తర్వాత దోపిన ఎలుకను అది పట్టించుకోదు."

మాస్టారి మొహంలో వెలుగొచ్చింది. యంత్రం ఆపాలి. ఎలుక లేకుండా ఆపడమెలా? కంట్రోల్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే స్టార్టు పట్టీ వచ్చింది. పైబాణం మీట ఒకసారి, ఎంటర్ ఒకసారి, తెర మీద అడిగినదానికి మళ్ళీ ఎంటర్, సరి! ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ మీటలు పట్టుకుని నమ్ లాక్ నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొడితే, చాలా యంత్రాలలో కుడివైపు అంకెల మీటలతో బాణాన్ని నడపవచ్చు కూడా. 5 నొక్కితే క్లిక్ అయినట్టే. ఎలుక చచ్చినంత మాత్రాన యిల్లు మునిగిపోదన్నమాట.

యంత్రం ఆపి, గోడ దగ్గర స్విచ్చి కూడా తీసేశాం. ఈ గుండ్రటి ప్లగ్గులను కరెంటు వుండగా పెట్టి తీస్తుంటే లోపలి బోర్డు దెబ్బతినే ప్రమాదముంది. ప్లగ్గులో పిన్నులు వంగలేదు కదా అని దీపం పెట్టి చూశాం. రంధ్రాలు రెండూ ఒకే ఆకారం. పచ్చది ఎలుకది, వూదారంగుది కీబోర్డుది. తారుమారు కాకుండా పెట్టి, స్విచ్చి వేశాం. యంత్రం గరగరలాడుతూ లేచింది. ఎలుకను కదిపాను. బాణం కదిలింది!

"హాజరండీ!" అన్నారు మాస్టారు, ఒకటో తరగతి పిల్లవాడిలాగా.

కథ యింతటితో అయిపోలేదు సుమా. ఎలుక బతికితే చాలదు. అసలు ప్రాణం పాటల్లో వుంది. పాతికేళ్ళ హార్డ్ డిస్కును నమ్మరాదు. అది కాస్తా ఆగిపోతే ఏ ఎలుకా తిరిగి తేలేదు. అందుకని మళ్ళీ యంత్రం ఆపి, డిస్కు వూడదీసి, పాత ఐడీఈ డిస్కులను యూఎస్‌బీకి కలిపే పరికరంతో మా వాడి ల్యాప్‌టాప్‌కు తగిలించి, పాటలన్నీ రెండుచోట్ల దింపాం.

తెరిస్తే ఏముంది? ఒక్క తెలుగక్షరం లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చిగీతలు! మాస్టారి మొహం పాలిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆనాటి తెలుగు రాత యిప్పటి యూనికోడ్ పద్ధతిలో కాదు. ఏ ఫాంటుతో కొట్టారో ఆ ఫాంటు వుంటేనే కనబడుతుంది. పాత డిస్కులో విండోస్ కింద వున్న ఫాంట్స్ అర నుంచి ఆ ఫాంటును తెచ్చి పెట్టాను. గీతలన్నీ కళ్ళముందే తెలుగైపోయాయి. మొత్తం 112 పాటలు.

కాగితం మీద అచ్చుతీసి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన ఒక్కొక్క పుటా తిప్పుతూ చివరిదాని దగ్గర ఆగారు. అప్పగింతల పాట, రెండు చరణాల తర్వాత ఖాళీ. ఆవిడకు ఒంట్లో బాగాలేని రోజుల్లోది కాబోలు. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జేబులోంచి కలం తీసి, "యిది రోజూ వంటింట్లో పాడేది. మిగతాది నాకు వచ్చునోయ్," అంటూ వంగి రాయడం మొదలుపెట్టారు.

మీ అటక మీద కూడా యిలాంటి పెట్టె వుంటే, తూకానికి వేసేముందు ఒక్క ఆదివారం దానికివ్వండి. ఎలుకను ముందు దోపి, తర్వాత స్విచ్చి వెయ్యండి. బాణం కదిలిందా, మొట్టమొదట నకళ్ళు తీసుకోండి, ఫాంట్లు మరిచిపోకండి. హాజరు వేసేవాడు యింకా లేవగలుగుతున్నప్పుడే ఆ పని కావాలి.