జాతి కుక్కకే చదువు వస్తుందా?



జాతి కుక్కలు ఏం చెప్పినా తొందరగా నేర్చుకుంటాయి, మన ఊరి కుక్కలకు ఏదీ రాదు అని చాలామంది అంటారు. సంతలో అంటారు, బొర్రా గుహలు చూడ్డానికి కార్లలో వచ్చినవాళ్లు అంటారు, మన హాస్టల్లో కూడా అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది ఎంతో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందు నిజం చెప్తాను. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాసే కుక్క ఉంది. దాని పేరు బోర్డర్ కోలీ. కాపరి ఈల వేస్తే అది ఎంత దూరంలో ఉన్నా ఆగాలి, తిరగాలి. అలా మాట విన్న కుక్కల పిల్లల్నే అక్కడివాళ్లు తరతరాలుగా పెంచుకుంటూ వచ్చారు. మనం మంచి చోడి వెన్నులు ఏరి విత్తనానికి దాచుకుంటాం కదా, అలాగే. మనం అల్సేషన్ అనే జర్మన్ షెపర్డ్ కూడా మొదట గొర్రెల కుక్కే. అందుకే ఇవి తొందరగా నేర్చుకుంటాయి.

కెనడాలో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో కుక్కల తెలివి మీద ఒక పుస్తకం రాశారు. కుక్కల పోటీలకు జడ్జీలుగా ఉండేవాళ్లను దాదాపు 200 మందిని అడిగి జాతులకు ర్యాంకులు ఇచ్చారు. బోర్డర్ కోలీకి మొదటి ర్యాంకు, పూడిల్‌కి రెండు, జర్మన్ షెపర్డ్‌కి మూడు. పై ర్యాంకు కుక్కలు కొత్త మాటను 5 సార్లలోపే పట్టేస్తాయట. కింది ర్యాంకు వాటికి 80 సార్లు చెప్పినా చాలదట. అందరికంటే ఆఖరిది ఆఫ్ఘన్ హౌండ్.

మరి ఆఫ్ఘన్ హౌండ్ మొద్దా? కాదు. అది వేటకుక్క. జంతువు వెనక మనిషికి అందనంత ముందు పరుగెత్తాలి, ఎటు తిరగాలో తనకు తానే చూసుకోవాలి. వెనక్కి తిరిగి యజమానిని అడుగుతూ కూర్చుంటే వేట తప్పిపోతుంది. కాబట్టి ఆ ర్యాంకులు మనిషి మాట ఎంత వింటుందో చెప్తాయి గానీ మొత్తం తెలివి చెప్పవు. పుట్టుకతో వచ్చే నేర్పు వేరు, సొంతంగా ఆలోచించుకోవడం వేరు, మాట వినడం వేరు అని కోరెన్ గారే ఆ పుస్తకంలో రాశారు.

2022లో అమెరికా శాస్త్రవేత్తలు ఇంకా పెద్ద లెక్క తీశారు. 18,000కు పైగా కుక్కల గురించి వాటి యజమానుల్ని అడిగారు. 2,000కు పైగా కుక్కల జన్యువులు కూడా చూశారు. ఒక కుక్క ప్రవర్తనకీ ఇంకో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. మాట వినే గుణంలో మాత్రం జాతి ప్రభావం కొంచెం ఎక్కువే కనబడింది. అయినా జాతి చూసి ఫలానా కుక్క ఇలాగే ఉంటుందని ముందే చెప్పలేం అన్నారు.

ఇంక మన దేశం సంగతి. కర్ణాటకలో ముధోల్ అనే ఊరి పేరుతో ఒక నాటు వేటకుక్క ఉంది. ఆ జాతిదే రియా అనే కుక్క. 2024లో లక్నోలో దేశం మొత్తం పోలీసు కుక్కలకు పోటీలు పెడితే విదేశీ జాతుల్ని దాటి మొదటి బహుమతి కొట్టింది. దానికి సరిహద్దు భద్రతా దళం వాళ్లు శిక్షణ ఇచ్చారు. మన ఆంధ్రాలో కొల్లేరు వైపు బాతుల మందల్ని కాసే జొనంగి కుక్కలు ఉన్నాయి. 1957లో రష్యావాళ్లు అంతరిక్షంలోకి పంపిన లైకా మాస్కో వీధుల్లో తిరిగిన కుక్కే. పాపం అది తిరిగి రాలేదు. కానీ ఇరుకు పెట్టెలో కదలకుండా ఉండడం వీధి కుక్కే నేర్చుకుంది.

మా ఇంటి నల్లకుక్క ఏ జాతో ఎవరికీ తెలీదు. పొద్దున్నే మేకల వెంట కొండెక్కుతుంది. ఒక మేక వెనకబడితే అక్కడే నిలబడి మొరుగుతుంది. కళ్లంలో చోళ్లు ఎండేస్తే కోళ్లను తోలుతుంది గానీ కోడిని కరవదు. అన్నీ మా తాత నేర్పినవే. అది కూనగా ఉన్నప్పుడు కోడి జోలికి పోతే ఒకే మాట గట్టిగా అనేవాడు. ఊరుకుంటే కొంచెం అంబలి పోసేవాడు. రోజూ అదే మాట, అదే అంబలి. పోలీసు కుక్కకైనా ఇంతే కదా, ఒకే మనిషి నెలల తరబడి దగ్గరుండి నేర్పుతాడు. వేలకు వేలు పోసి కొన్న అల్సేషన్‌ని గొలుసుతో కట్టేసి వదిలేస్తే దానికీ మొరగడమే వస్తుంది. మన ఊరి కుక్కలకు మనం ఇచ్చేది రాయి దెబ్బ. ఏమీ నేర్పకుండా ఏదీ రాదంటే ఎలా?

ఇంకొక మాట. మా తాత దానితో మా ఇంటి భాషలోనే మాట్లాడతాడు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన దాన్ని "కూర్చో, కూర్చో" అన్నాడు. అది కదల్లేదు. మొద్దు కుక్క అనేశాడు. మా తాత మా మాటలో చెప్పగానే కూర్చుంది. మనలో చాలామందికి ఒకటో తరగతిలో ఇలాగే జరిగింది. తెలుగులో చెప్పింది తెలీక చూస్తూ ఉంటే, కొండోళ్ల పిల్లలకు చదువెక్కదు, ఆ జాతే అంత అన్నవాళ్లు ఉన్నారు.

పిల్లల్ని కుక్కలతో పోల్చడం నాకు ఇష్టం లేదు. కానీ రెండు చోట్లా జాతి అనే ఒకే మాట వాడుతున్నది మనం కాదు. కుక్కల జాతుల్ని మనుషులు కావాలని ఏరి ఏరి పెంచారు. మనుషుల్ని ఎవరూ అలా పెంచలేదు. అందుకని కుక్కల విషయంలో ఉన్న ఆ కొంచెం నిజం కూడా మనుషులకు వర్తించదు. మనకు ఎవరు నేర్పారు, ఏ భాషలో నేర్పారు, ఎన్నిసార్లు ఓపిగ్గా చెప్పారు, అది అడగాలి.

మిత్రులారా, ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ కుక్కకు ముందు పశువుల ఆసుపత్రిలో రేబీస్ టీకా వేయించండి. తర్వాత ఒక్క మాట నేర్పండి. రోజూ ఒకే మాట అనండి, వింటే వెంటనే ఏదైనా తినడానికి పెట్టండి, కొట్టొద్దు. ఎన్ని రోజులకు వచ్చిందో లెక్క రాసి తెండి. వచ్చే సంచికలో ఈ గోడ మీదే అందరి లెక్కలూ పెడదాం. నా మాట ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని, బొర్రా