విమానాశ్రయానికి నిధులు సరే, నష్టం ఎవరి పద్దు?

ఒంగోలుకు విమానాశ్రయం వస్తుందన్న మాట మళ్ళీ రచ్చబండల మీదికి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా ఏడు చోట్ల విమానాశ్రయాలు నిర్మించ తలపెట్టగా, వాటిలో ఒంగోలు, నాగార్జునసాగర్ రెండూ ఈ మిర్చి, పత్తి పొలాల దాపునే ఉన్నాయి. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడుతో జరిపిన సమీక్షలో ఒంగోలుకు 657 ఎకరాలు గుర్తించినట్లు వెల్లడైంది. మరుసటి నెల కేంద్ర బడ్జెట్టులో, ఉడాన్ పథకాన్ని సవరించి పదేళ్ళలో 120 కొత్త చోట్లకు విమానాలు నడుపుతామని ప్రకటించారు.

కోరిక తప్పు కాదు. ఒంగోలు వాసి విమానం ఎక్కాలంటే గన్నవరం దాకా పోవలసిందే. దొనకొండలో బ్రిటిషువారి కాలపు రన్‌వే ఉన్నా ఫలితం లేదు. 2024 మార్చి 18న కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారి మీద వైమానిక దళ విమానాలు దిగితే జనం తిరునాళ్ళలా తరలివచ్చారు. కాని అది అత్యవసర సమయాల కోసం వేసిన దారి. టిక్కెట్టు కొని ఎక్కేది కాదు.

అసలు చూడవలసింది నిధుల లెక్క. కట్టేందుకు అయ్యే ఖర్చు ఒకటి, కట్టిన తర్వాత విమానం నడిపేందుకు అయ్యే ఖర్చు మరొకటి. మొదటిదాన్ని గురించే అందరూ మాట్లాడతారు. ఉడాన్ కింద భూమి ఉచితంగా ఇవ్వవలసింది రాష్ట్రం. పోలీసు బందోబస్తు, అగ్నిమాపక సేవలూ దానివే. సీట్లు నిండక కంపెనీకి వచ్చే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడుస్తుంది. అందులో రాష్ట్రం వాటా 20 శాతం. మిగతాది పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద వేసే సుంకంతో ఏర్పడిన నిధి నుంచి వస్తుంది.

మూడేళ్ళు నిండాక ఏమవుతుంది? కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో జవాబు ఉంది. కేటాయించిన 774 మార్గాలలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తి చేసినవి 112. గడువు దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే. మన గన్నవరం సంగతే చూడవచ్చు. 2018 డిసెంబరులో సింగపూరుకు మొదలైన విమానం లోటును రాష్ట్ర ప్రభుత్వమే భరించింది. 2019లో ఆ సాయం నిలిచిపోగానే సర్వీసు కూడా నిలిచిపోయింది.

విమానాశ్రయం వస్తే మిర్చికి మంచి ధర వస్తుందని కొందరు నాయకులు చెబుతుంటారు. ఎండుమిర్చి విమానంలో పోయే సరుకు కాదు. టిక్కీలు లారీల్లో రేవులకు చేరి ఓడలెక్కుతాయి. 2020 జూలైలో రైల్వేవారు గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ప్రత్యేక పార్సిలు రైలు వేసి 384 టన్నుల ఎండుమిర్చి పంపారు. లారీకి టన్నుకు 7,000 రూపాయలయ్యే చోట రైలుకు 4,608 అయింది. రైతుకు అక్కరకు వచ్చే రవాణా అంటే అలాంటిది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయవలసి వచ్చింది. ఆ కష్టానికి రన్‌వే మందు కాదు. చదువులకు, కొలువులకు, వైద్యానికి దూరం వెళ్ళేవారికి విమానం మేలే. ఆ మేలు చెప్పి అడిగితే సరిపోతుంది. మధ్యలో మిర్చి రైతు పేరెందుకు?

భూమి మాట కూడా ఇప్పుడే తేలాలి. పరిహారం పట్టాదారు పేర వస్తుంది. 2013 భూసేకరణ చట్టం కౌలుదారులను, వ్యవసాయ కూలీలను సైతం బాధిత కుటుంబాలుగా గుర్తించింది. అయితే సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడే బతుకుతున్నట్లు వారు చూపగలగాలి. ఈ జిల్లాలలో కౌలు చాలావరకు నోటిమాట మీదనే నడుస్తోంది. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చాక కాగితం కోసం వెదికితే దొరకదు. కౌలు గుర్తింపు కార్డులు ఇప్పుడే ఇప్పించమని గ్రామ సచివాలయంలో అడగవలసి ఉంది.